పాత కలప: పనికి ముందు పరీక్ష

1880లో జాన్ టేలర్ సంస్థ చేపట్టిన కోలారు బంగారు గనుల తవ్వకం 2001 ఫిబ్రవరి 28న ఆగిపోయింది. గనులు, కర్మాగారాలు, రైలు మార్గాలు ఉన్న ఊళ్లలో దూలాలు, స్లీపర్లు, సామాను పెట్టెల చెక్కలు పాత సామానుగా అమ్మకానికి వస్తూనే ఉంటాయి. బాగా ఆరిన కలప వంకర తిరగదు, వెల కూడా తక్కువ. అందుచేత వడ్రంగులు దానిని ఇష్టపడతారు. అయితే ఆ చెక్క గతంలో ఏ మందు పీల్చుకున్నదో తెలుసుకున్న తరువాతనే రంపం పట్టవలసి ఉంటుంది.

గుర్తులు

1. నల్లని జిగురు, ఎండలో తారు వాసన: ఇది క్రియోసోట్ పట్టించిన కలప. రైలు స్లీపర్లలో సాధారణం. చర్మానికి తగిలితే మంట పుడుతుంది. ఇంటిలోపల వాడకూడదు.

2. ఆకుపచ్చని ఛాయ: రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందుకు గుర్తు. ఏళ్లు గడిచేకొద్దీ ఈ ఛాయ వెలిసిపోవచ్చు. విషం మాత్రం చెక్కలోనే నిలిచి ఉంటుంది.

3. పాత రంగు: ఇంటి రంగులలో సీసం పరిమితిని 90 పి.పి.ఎం.కు తగ్గించిన నిబంధన 2017 నవంబరు 1న అమలులోకి వచ్చింది. అంతకు మునుపటి రంగును పొడిగా గీకడం ప్రమాదకరం.

4. ప్యాలెట్లపై ముద్ర: ‘హెచ్.టి.’ అంటే వేడితో శుద్ధి చేసినది. ‘ఎం.బి.’ అంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినది; దానిని వదిలివేయడం మేలు.

పొయ్యిలో పెట్టకూడదు

పని ముగిశాక మిగిలిన ముక్కలు వేన్నీళ్ల పొయ్యికి చేరడం మన ఇళ్లలో అలవాటు. అసలు ముప్పు ఇక్కడే ఉన్నది. ఆర్సెనిక్ పట్టిన చెక్క కాలితే విషం కొంత పొగలోనికి, మిగిలినది బూడిదలోనికి చేరుతుంది. ఆ బూడిదతో గిన్నెలు తోమినా, దానిని కూరమొక్కలకు చల్లినా విషం తిరిగి భోజనంలోనికే వస్తుంది.

దుమ్ము

రాతిధూళి వలన కలిగే సిలికోసిస్‌ను గని కార్మికుల కుటుంబాలు ఎరుగుదురు. చెక్కపొట్టు దుమ్ము వేరైనా, అదీ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం నిర్ధారించింది. రుమాలు కట్టుకుంటే చాలదు. ఎన్-95 ముసుగు కావాలి. కోత ఆరుబయట జరగాలి. పని బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు.

మూతబడిన గనుల ఆవరణలోనికి వెళ్లి కలప తీయడం ప్రాణాపాయం. అనుమతి లేకుండా తీయడం నేరం కూడా. ఎక్కడిదో చెప్పలేని చెక్క ఎంత చవకగా దొరికినా అన్నం తినే బల్లకు, ఊయలకు, ఆటబొమ్మకు పనికిరాదు.