దుఃఖమునకు గడువు పెట్టకుము

మదనపల్లె



మీ నాయన పోయిన నాటనుండి నీవు తిరుపతిలో చదువు మాని, చిత్తూరి యింట ముసుగు దన్ని పడుకొనుచు, వేళకు అన్నమునకైనను లేవకున్నావని మీ అమ్మ వ్రాసిన జాబును, ఈ బాధ ఎన్నాళ్లకు తీరునని నీవు నన్నడిగిన జాబును ఒక్కనాడే చేరినవి. తమ్ముని పోగొట్టుకొన్న నాకు సైతము ఆ గడువు తెలియదు. తెలిసినట్లు నటించి నిన్ను ఊరడింపజాలను. మా యూరి చెంతనున్న ఆరోగ్యవరమును గూర్చి మాత్రము నీకు చెప్పవలెనని తోచినది.

1912లో క్రైస్తవ మిషనుల పూనికతో మదనపల్లెలో మొదలై, 1915 నాటికి ఆరోగ్యవరమున స్థిరపడిన ఆ క్షయ చికిత్సాలయమును డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ నడుపబూనిన నాటికి, ఆ వ్యాధికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతవఱకు అచటి వైద్యులకును నర్సులకును చేతనున్నది ఈ మెట్టసీమ పొడిగాలి, పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి, కొందఱికి శస్త్రచికిత్స, ఇంతియే. ఇల్లు వాకిలి విడిచి వచ్చిన రోగి నెలల తరబడి మంచము పట్టి, ఉదయ సాయంకాలములు నోట థర్మామీటరు పెట్టించుకొని, తూకము చూపించుకొని, జ్వరము వీడిన పిమ్మట నాలుగడుగులు, అవి ఒంటికి సరిపడిన పిమ్మట మఱికొంత దూరము నడచుచుండెను. ఎందఱో కోలుకొనిరి, ఎందఱో ఇల్లు చేరలేదు. ఈ రెండవ మాట దాచి మొదటిది మాత్రమే చెప్పుట నాకు సమ్మతము గాదు.

మందు వచ్చునన్న ఎఱుక లేకయే ఆ వైద్యులును నర్సులును అన్నేండ్లు ఆ వార్డులలో నిలిచిరి గదా, అదియే నాకు మిక్కిలి గొప్పగా తోచును. నేటి జ్వరమెంత, తూకమెంత అని చూచి రేపటి పని నిర్ణయించుకొనిరి. వారి ఓర్పంతయు ఆ దినచర్యలోనే యుండెను.

కావున నాయనా, ఎన్నాళ్లకను ప్రశ్నను కొంతకాలము ప్రక్కన బెట్టుము. తండ్రి జ్ఞాపకమును మాన్పుకొనవలెనని పెనుగులాడకుము. కన్నీరు వచ్చినచో రానిమ్ము. ఈ వారము ఒక్కటే పని: రెండు పూటలును మీ అమ్మ ప్రక్కన కూర్చుండి భోజనము చేయుము. ఆమెయు భర్తను పోగొట్టుకొన్నది. నీవు లేవనినాడు ఆమె ముద్ద ముట్టదు. పై వారము దినమునకొక గంట పుస్తకము తెఱువుము. చదివినది తలకెక్కకున్నను గంట నిండిన పిమ్మటనే లెమ్ము. ఈ యేడు పరీక్ష తప్పిపోయినచో మఱుసటి యేటి ఫీజు సంగతి నేను చూచుకొందును.

నెలాఖరున మీ అమ్మను వెంటబెట్టుకొని ఇచటికి రమ్ము. మీ పెద్దమ్మ ఎదురుచూచుచున్నది. ఏ బస్సుకు వచ్చునదియు ముందుగా ఒక కార్డు వ్రాయుము.

ఇట్లు,
మీ పెదనాన్న