సగం సీసా పాఠం

మన సికింద్రాబాదులో పుట్టి పెరిగిన వాళ్లకు గుట్టలు కొత్త కాదు. మౌలాలి గుట్ట మెట్లెక్కి, పైనుంచి ఊరంతా చూసి రాని వారు మన కాలేజీలో తక్కువే అనుకుంటాను. అయితే గుట్ట ఎక్కడం వేరు, హైకింగ్ వేరు. తిరిగి రావడం కూడా ముందే లెక్కలో వేసుకుని నడిచేది హైకింగ్. పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరితే అది ఒక రోజు నడక. తిండీ పడకా వీపున మోసుకుంటూ దారిలో రాత్రి బస చేస్తే దాన్ని బాక్‌పాకింగ్ అంటారు. ఈ తేడా నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు. భువనగిరి బండ మీద ఒక మధ్యాహ్నం తెలుసుకున్నాను.

అది మార్చి నెల, ఆదివారం. మేము ఏడుగురం. సికింద్రాబాదు స్టేషనులో మొదటి రైలు తప్పిపోయింది. తరువాతి రైల్లో మౌలాలి, ఘటకేసరు, బీబీనగర్ దాటి భువనగిరిలో దిగి కోట మొదట్లోకి చేరేసరికి పదకొండు దాటింది. ఏడుగురికీ కలిపి మూడు లీటర్ల నీళ్లు. "అయిదు వందల అడుగుల బండే గదా, అరగంట పని" అనుకున్నాం. మెట్లు సగం ఎక్కేసరికే సీసాలు ఖాళీ. అయినా ఆగలేదు. పైకి చేరి ఫోటోలు దిగాం, కేకలు వేశాం.

దిగేటప్పుడు మాలో ఒకడు ఉన్నట్టుండి కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట, కాని చెయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది. తల తిరుగుతోందన్నాడు, వాంతి చేసుకున్నాడు. కూలిన గోడ నీడకు మోసుకుపోయాం. నోట్లో పోయడానికి మా దగ్గర చుక్క నీరు లేదు. కోట చూడవచ్చిన ఒక పెద్దమ్మ తన సంచిలోని మజ్జిగ సీసా ఇచ్చి, "గటగట తాగకు బిడ్డా, మెల్లగ తాగు" అంది. మా వైపు తిరిగి, "ఎండల బండ ఎక్కెటోళ్లు నీళ్లు తెచ్చుకోవద్దా?" అంది. ఎవరమూ జవాబు చెప్పలేదు. ముప్పావు గంటకు వాడు లేచి నిలబడ్డాడు. ఆ పెద్దమ్మ ఆ వేళకు అటు రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోవాలని లేదు.

ఆ తరువాత నేను చదివి, అడిగి తెలుసుకున్నవి మిత్రుల కోసం రాస్తున్నాను.

మొదటిది కాలం లెక్క. 1892లో స్కాట్లండుకు చెందిన నెయిస్మిత్ అనే పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు: ప్రతి 3 మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగుల ఎత్తుకు ఇంకో గంట. ఈ లెక్కన 3 మైళ్లు నడిచి 500 అడుగులు ఎక్కడానికి గంటంబావు పడుతుంది. అయితే ఇది చలిదేశంలో అలవాటున్న వారి లెక్క. మన ఎండలో, మనలాంటి కొత్తవాళ్లు దీన్ని రెట్టింపు చేసుకోవడం మంచిది. రైలు వేళ నుంచి వెనక్కి లెక్కేసి, "ఇన్ని గంటలయ్యేసరికి ఎక్కడున్నా సరే వెనుదిరగాలి" అని కిందనే నిర్ణయించుకోవాలి. పైకి పోయాక ఉత్సాహం మాట్లాడుతుంది గాని బుద్ధి మాట్లాడదు. ఎవరెస్టు ఎక్కేవారు కూడా ఇలా వేళ పెట్టుకుంటారు. 1996 మే 10న చాలా మంది మధ్యాహ్నం 2 గంటల గడువు దాటాక కూడా పైకే సాగారు. ఆ తరువాత తుపాను వచ్చింది. ఎనిమిది మంది తిరిగి రాలేదు.

రెండవది నీరు. మామూలు నడకకు గంటకు మనిషికి అర లీటరు కావాలి. ఎండలో అంతకు మించి పడుతుంది. మన గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. పొద్దుటి నుంచి కాగిన ఆ రాయి పెనంలా కింది నుంచి కూడా సెగ కొడుతుంది. అందుచేత మార్చి దాటితే తెల్లవారుజామునే ఎక్కి, తొమ్మిది లోపల దిగిపోవాలి. ఎవరి నీళ్లు వాళ్లే మోసుకోవాలి. సగం సీసా అయిపోతే వెనక్కి తిరగాలి, శిఖరం పది అడుగుల్లో ఉన్నా సరే. నీళ్లతో పాటు ఉప్పు కూడా చెమటలో పోతుంది. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి, కలుపుకోవాలి.

మూడవది ఎండదెబ్బ. మా మిత్రుడికి వచ్చింది దాని మొదటి మెట్టు. అప్పుడు నీడన పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తి, తడిగుడ్డ వేసి విసురుతూ, గుక్క గుక్కగా తాగించాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తెలివి తప్పుతూ ఉంటే మాత్రం ప్రాణాపాయం. ఒళ్లంతా తడిపి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. తెలివి లేని మనిషి నోట్లో ఏమీ పోయరాదు.

నాలుగవది బండ. గ్రానైటు ఉల్లిపొరల్లా పెచ్చులు ఊడుతుంది. పెచ్చు మీద అడుగు వేస్తే అది జారుతుంది. వాన పడితే నున్నటి బండ మీద కాలు నిలవదు. ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే కాళ్లు అలసి ఉంటాయి కాబట్టి అడుగులు చిన్నవిగా వెయ్యాలి. ఈ భువనగిరి బండ మీదనే శిక్షణ మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో, ఎవరెస్టు ఎక్కింది. మనం నిర్లక్ష్యంగా ఎక్కిన రాయి ఆమెకు పాఠశాల అయింది!

ఇక సంచి మాట. రాత్రి బసకు వెళ్లేటప్పుడు మూట మన బరువులో అయిదో వంతు మించకుండా చూసుకోవాలి. బరువైనవి వీపుకు దగ్గరగా సర్దాలి. నడుము పట్టీ బిగిస్తే భారం భుజాల మీద నుంచి తుంటి మీదికి దిగుతుంది. ముందు ఆ మూటతో మౌలాలి మెట్లెక్కి చూడండి. తరువాతనే మూసీ పుట్టిన అనంతగిరి వంటి చోట్ల సంగతి ఆలోచించవచ్చు. అడవిలో బస చేయాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఎక్కడికి పోతున్నదీ, ఎప్పటికి వచ్చేదీ ఇంట్లో చెప్పి మరీ బయలుదేరాలని వేరే చెప్పనక్కర లేదు.

డిసెంబరులో మేము ఏడుగురం మళ్లీ భువనగిరి వెళ్లాం, మనిషికి రెండు సీసాలతో. దారిలో ఒకడి సీసా మూత వదులై నీరంతా సంచిలోనే కారిపోయింది. మిగిలినవి పంచుకుంటూ ఎక్కాం. పైన కోట గోడ కనిపిస్తూ ఉండగా, మార్చిలో కూలబడిన మిత్రుడు తన సీసా వెలుతురుకు ఎత్తి చూసి, "సగమైందిరా, పదండి" అన్నాడు. ఒక్కడు కూడా ఎదురు చెప్పలేదు. అందరం దిగివచ్చి, స్టేషను దగ్గర చాయ్ తాగి, వెలుగుండగానే ఇల్లు చేరాం.

ఆ బండ ఎక్కడికీ పోదు. వచ్చే చలికాలం మళ్లీ వెళతాం. రాదలచిన వారు మూతలు గట్టిగా బిగించిన రెండు సీసాలతో రావలసిందిగా మనవి.