గెలిచినవారు మళ్ళీ గెలవాలంటే... (అమలాపురం నియోజకవర్గం నేర్పే పాఠం)



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు కబురు పంపారు. కథలు, కవితలు నాకు రావు. ఎం.ఏ.లో రాజనీతి శాస్త్రం చదువుతున్నాను కనుక, క్లాసులో విన్న ఒక పాఠాన్ని మన కోనసీమకు అన్వయించి రాస్తున్నాను.

ఒకరోజు క్లాసులో అమెరికా సెనేట్ ఎన్నికల పాఠం జరిగింది. పదవిలో ఉన్న సెనేటర్ మళ్ళీ పోటీకి దిగితే ఆయనకు కలిసొచ్చేవి ఏవి, అడ్డొచ్చేవి ఏవి అన్నది విషయం. చివర్లో మా మాస్టారు "ఇదే ప్రశ్న మీ మీ నియోజకవర్గాలకు వేసి చూడండి" అన్నారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మను అడిగాను. అమ్మ బడికి వెళ్ళలేదు, వ్యవసాయ కూలీ. నాన్న కొబ్బరి దింపు తీస్తాడు. అమ్మ వరి చేటలో రాళ్ళేరుతూనే జవాబు చెప్పింది: "ఓట్లప్పుడు అందరూ వత్తార్రా. గెలిచాక కూడా వచ్చాడా లేదా, అదే చూత్తాం." పుస్తకంలో ఇరవై పేజీలున్న విషయాన్ని అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. అయితే ఆ ఒక్క మాటే సరిపోతుందా? చూద్దాం.

సెనేటర్ అంటే ఎవరు?

అమెరికాలో 50 రాష్ట్రాలు. జనాభా ఎంత ఉన్నా రాష్ట్రానికి ఇద్దరు చొప్పున మొత్తం 100 మంది సెనేటర్లు. పదవీకాలం 6 ఏళ్ళు. రెండేళ్ళకొకసారి సుమారు మూడోవంతు స్థానాలకు ఎన్నిక జరుగుతుంది. పూర్వం వీరిని రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. 1913లో వచ్చిన 17వ రాజ్యాంగ సవరణతో ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. మన రాజ్యసభ సభ్యుల పదవీకాలం కూడా 6 ఏళ్ళే, కాని వారిని ఎన్నుకునేది ఎమ్మెల్యేలు. అందుచేత జనం ముందుకు వచ్చి మళ్ళీ ఓటు అడగవలసిన సెనేటర్‌కు మన దగ్గర సరిపోలేది లోక్‌సభ సభ్యుడే. పదవిలో ఉండి మళ్ళీ పోటీ చేసేవారిని మనం "సిట్టింగ్ ఎంపీ" అంటాం.

మన నియోజకవర్గం ప్రత్యేకత

అమలాపురం లోక్‌సభ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు చేసినది. 2009 నుంచి అమలులో ఉన్న పునర్విభజన ప్రకారం ఇందులో రామచంద్రపురం, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు, పి.గన్నవరం, కొత్తపేట, మండపేట అనే ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి.

ఇక్కడ తమ్ముళ్ళు ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. రిజర్వుడు స్థానంలో పోటీ చేసేవారు మాత్రమే ఎస్సీలు. ఓటు వేసేది అన్ని కులాలవారూ. దళితుల ప్రతినిధులను దళితులే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని డాక్టర్ అంబేద్కర్ కోరారు. గాంధీజీ ఎరవాడ జైలులో నిరాహారదీక్ష చేశారు. చివరకు 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం కుదిరి, స్థానాలు రిజర్వు అయ్యాయి గాని ఓటర్లు ఉమ్మడిగానే ఉన్నారు. రాజ్యాంగం రాసిన అంబేద్కర్ సైతం 1952లో బొంబాయిలో ఓడిపోయారు.

కనుక రిజర్వుడు స్థానంలో సిట్టింగ్ ఎంపీ పని కత్తి మీద సాము. పేటవాళ్ళు "మనవాడు" అని ఆశగా చూస్తారు. మిగిలిన ఊరంతా "మాకేం చేశాడు?" అని చూస్తుంది. ఇద్దరి దగ్గరా మార్కులు తెచ్చుకుంటేనే రెండోసారి గెలుపు.

బాలయోగి గారి గెలుపు, ఓటమి, గెలుపు

ఈ పాఠానికి మన దగ్గర ఉన్న మంచి ఉదాహరణ గంటి మోహనచంద్ర బాలయోగి గారు. 1951 అక్టోబరు 1న గోదావరి ఒడ్డున ఉన్న యెదుర్లంకలో పుట్టారు. ఎం.ఏ., లా చదివి కాకినాడలో వకీలుగా పనిచేశారు. 1985లో మేజిస్ట్రేటుగా ఎంపికై, ఆ ఉద్యోగం వదులుకుని తిరిగి వకీలు వృత్తికి వచ్చారు. 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షులయ్యారు. 1991లో తెలుగుదేశం అభ్యర్థిగా అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్ళారు.

1996లో సిట్టింగ్ ఎంపీగా మళ్ళీ నిలబడి, కాంగ్రెస్ అభ్యర్థి కె.ఎస్.ఆర్. మూర్తి గారి చేతిలో ఓడిపోయారు. అప్పటి పరిస్థితి గమనించాలి. 1995 ఆగస్టులో తెలుగుదేశం పార్టీ చీలింది. 1996 జనవరి 18న ఎన్.టి. రామారావు గారు కన్నుమూశారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో కాంగ్రెస్‌కు 22, తెలుగుదేశానికి 16 వచ్చాయి.

ఓడిన తరువాత ఆయన ఇంట్లో కూర్చోలేదు. అదే ఏడాది ముమ్మిడివరం అసెంబ్లీ ఉప ఎన్నికలో గెలిచి, రాష్ట్ర ఉన్నత విద్యామంత్రి అయ్యారు. ఆ నవంబరు 6న వచ్చిన పెను తుపాను కోనసీమను ఊడ్చేసింది. కొబ్బరి చెట్టు కూలితే మళ్ళీ నాటి కాపు అందుకోవడానికి ఏళ్ళు పడుతుంది. దింపు కూలీకి ఆ ఏళ్ళంతా పని లేనట్టే. ఆ రోజుల సంగతి చెప్పేటప్పుడు నాన్న గొంతు ఇప్పటికీ తగ్గిపోతుంది.

1998లో బాలయోగి గారు మళ్ళీ లోక్‌సభకు గెలిచారు. ఇక్కడే అసలు పాఠం ఉంది. 1996లో పార్టీకి 16 స్థానాలు వచ్చినప్పుడు ఆయన ఓడారు. 1998లో పార్టీ 12 స్థానాలకు తగ్గినప్పుడు ఆయన గెలిచారు. అంటే గెలుపోటములన్నీ రాష్ట్రంలో వీచే గాలిని బట్టే జరుగుతాయనడం సరికాదు. నియోజకవర్గానికి తన లెక్క తనకు ఉంటుంది.

1998 మార్చి 24న ఆయన లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు ఆయనే. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షలో ఒక్క ఓటుతో పడిపోయింది: అనుకూలం 269, వ్యతిరేకం 270. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న వివాదంలో, స్పీకర్ ఆ నిర్ణయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలారు. "ఒక్క ఓటుతో ఏమవుతుంది?" అనేవారికి ఈ సంఘటన చెప్పండి.

తరువాత నాలుగైదు నెలలకే మళ్ళీ ఎన్నికలు. సభలో ఏ పక్షానికీ చెందనట్టు కూర్చోవలసిన స్పీకర్, ఊరికి వచ్చి పార్టీ గుర్తు మీద ఓటు అడగాలి. బ్రిటన్‌లో అయితే పదవిలో ఉన్న స్పీకర్ మీద పెద్ద పార్టీలు పోటీ పెట్టకపోవడం ఆనవాయితీ. మన దగ్గర అలాంటి మినహాయింపు లేదు. ఆయన పోటీ చేసి గెలిచారు. 1999 అక్టోబరు 22న రెండోసారి స్పీకర్ అయ్యారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. ఆ ఏడాదే నేను పుట్టాను. ఆయనను నేను చూడలేదు. కాని యానాం వెళ్ళేటప్పుడు ఆయన పేరు పెట్టిన వారధి మీద నుంచే బస్సులో వెళ్తాను. ఆ వారధి లేని రోజుల్లో ఆ రేవు పంటు మీద దాటేవాళ్ళమని అమ్మ చెబుతుంది.

మూడు గుమ్మాలు

సిట్టింగ్ ఎంపీ మళ్ళీ గెలవాలంటే మూడు గుమ్మాలు దాటాలని నాకు అర్థమైంది.

మొదటిది టికెట్. అమెరికాలో సెనేటర్ ముందుగా సొంత పార్టీ ఓటర్ల దగ్గర ప్రైమరీ ఎన్నికలో నెగ్గాలి. 2010లో అలాస్కా సెనేటర్ లిసా ముర్కోవ్‌స్కీ ప్రైమరీలో ఓడిపోయారు. అయినా బ్యాలెట్‌లో లేని తన పేరును ఓటర్ల చేతనే రాయించుకుని గెలిచారు. మన దగ్గర ప్రైమరీ లేదు. పార్టీ అధిష్ఠానం ఇచ్చే బి-ఫారమే సర్వం. అమలాపురంలో 2014లో గెలిచిన పండుల రవీంద్రబాబు గారు గాని, 2019లో గెలిచిన చింతా అనురాధ గారు గాని తరువాతి ఎన్నికలో ఇక్కడ ఎంపీ అభ్యర్థులుగా లేరు. వారి పని బాగుందో లేదో చెప్పే అవకాశం ఓటరుకు రానే లేదు. ఇది ఆలోచించవలసిన సంగతి.

రెండవది గాలి. జి.వి. హర్షకుమార్ గారు 2004లో కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2009లో ప్రజారాజ్యం కూడా రంగంలో ఉన్న పోటీలో సిట్టింగ్ ఎంపీగా మళ్ళీ గెలిచారు. రాష్ట్ర విభజనను వ్యతిరేకించినందుకు 2014 ఫిబ్రవరిలో కాంగ్రెస్ ఆయనను బహిష్కరించింది. జై సమైక్యాంధ్ర పార్టీ నుంచి పోటీ చేసి ఓడిపోయారు. రెండుసార్లు గెలిచిన మనిషి పార్టీ నీడ పోయాక నిలవలేకపోయారు.

మూడవది చేసిన పని. ఇది అమ్మ చెప్పిన గుమ్మం. 2019లో ఓడిన బాలయోగి గారి అబ్బాయి హరీష్ మాధుర్ గారు 2024లో మూడు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. తండ్రి పేరు, పొత్తు, గాలి అన్నీ కలిసి వచ్చి ఉండవచ్చు. కాని మళ్ళీ ఓటు అడిగే రోజున ఆయనను కూడా ఈ మూడో గుమ్మం దగ్గరే నిలబెట్టి అడగాలి.

మనం ఏం అడగాలి?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక నాయకుడు మన హాస్టల్‌కు వచ్చారు. ప్రహరీ గోడ కట్టిస్తానన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ మాట అన్న తేదీ మాలో ఒక్కరూ రాసుకోలేదు. తరువాతి ఎన్నికల నాటికి గోడా లేదు, మాట గుర్తున్నవాడూ లేడు. తప్పు ఆయనది ఎంతో, రాసుకోని మాదీ అంతే.

అడిగేముందు ఎవరి పని ఏదో తెలియాలి. హాస్టల్ మెస్ ఛార్జీలు, దుప్పట్లు రాష్ట్ర ప్రభుత్వం చూడవలసినవి. రైల్వే లైను కేంద్రం పని. కోటిపల్లి–నరసాపురం లైను 2000-01 ప్రాంతంలో మంజూరైంది. 2024 ఎన్నికల నాటికి కూడా దాని మీద రైలు నడవలేదు. దీని గురించి అడగవలసింది ఎంపీనే. ఎంపీ నిధులు 2011-12 నుంచి ఏడాదికి 5 కోట్లు. మన మండలంలో ఏ పనికి ఎంత ఖర్చయిందో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

18 ఏళ్ళు నిండినవారు ఫారం 6 పూర్తిచేసి ఓటు నమోదు చేసుకోండి. ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే.

స్టడీ అవర్‌లో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. రిజర్వుడు స్థానంలో అన్ని కులాలవారూ ఓటు వేయడం వల్ల మనకు లాభమెంత, నష్టమెంత?
2. పార్టీ 12 స్థానాలకు తగ్గిన ఏడాది బాలయోగి గారు ఎలా గెలిచి ఉంటారు? మీ ఊరి పెద్దలను అడిగి రాయండి.
3. సిట్టింగ్ ఎంపీకి పార్టీ టికెట్ ఇవ్వకపోతే ఓటరు తీర్పు ఏమైనట్టు?

తమ్ముళ్ళూ, 2024 మే 13న నేను మొదటిసారి పార్లమెంటుకు ఓటు వేశాను. లైన్లో నా ముందు అమ్మ నిలబడింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే, కాని ఓటు విషయంలో ఆమే నాకు సీనియర్. ఆమె అన్నీ మనసులో గుర్తుపెట్టుకుంది. మనకు చదువు వచ్చింది కనుక మనం రాసి పెట్టుకోవాలి. ఈసారి హాస్టల్‌కు ఏ నాయకుడు వచ్చి ఏ మాట ఇచ్చినా చప్పట్లు కొట్టండి, తప్పులేదు. కొట్టాక నోటుబుక్కు తీసి తేదీ వేసి రాయండి. ఆ పుస్తకం తరువాతి బ్యాచ్‌కు అప్పజెప్పి వెళ్ళండి.