బండిని సాగనంపే ముందు

విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు పానా పట్టినవాణ్ని. ఎన్నో బళ్లకు ప్రాణం పోశాను, ఎన్నింటినో విప్పి ముక్కలు చేశాను. పాత బళ్లను తుక్కు చేయమంటే జనం ఎందుకు జంకుతారో, ఏం చేస్తే ఆ జంకు పోతుందో నా అనుభవం కొద్దీ చెబుతాను.

1. ఏళ్లు లెక్కపెట్టడం కాదు, బండిని చూడాలి.
పదేళ్లు దాటిన డీజిల్ బళ్లకు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లకు బంకుల్లో ఇంధనం పోయొద్దని 2025 జులై 1న ఢిల్లీలో మొదలుపెట్టారు. జనం గగ్గోలు పెట్టడంతో కొద్దిరోజులకే ఆపేశారు. 2021 ఆగస్టు 13న మొదలైన దేశవ్యాప్త తుక్కు విధానం అలా కాదు. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గని బండినే తుక్కు చేయమంటుంది. ఈ తేడా విడమరిచి చెప్పేవాళ్లు లేకే ఊళ్లలో భయం పాకింది. అయితే ఒక మాట. పాత ఇంజనును ఎంత బాగా చూసుకున్నా, బీఎస్-6 కాలుష్య ప్రమాణాలతో వచ్చిన కొత్త బండి అంత తక్కువ పొగతో అది నడవదు.

2. పాత బండిని వదలకపోవడం మొండితనం అనుకోవద్దు.
పాలు పోసే ఒకాయన తన మోపెడ్ ఇంజనును నాచేత మూడుసార్లు విప్పించాడు. క్యాన్లు రాసుకుని రాసుకుని ఫ్రేము రంగుపోయి మెరుస్తుండేది. కొత్తది కొనుక్కోవయ్యా అంటే, “దీనికి కిస్తీ లేదన్నా” అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

3. కాగితం చేతికి రాకుండా బండి ఇవ్వొద్దు.
ఆర్‌సీ రద్దు చేయించకుండా నా స్కూటరును తుక్కు కొట్టుకు అమ్మేశాను. రెండేళ్లకు అదే నంబరుతో ఎక్కడో ప్రమాదం జరిగిందని పోలీసులు మా గుమ్మంలోకి వచ్చారు. రిజిస్టరైన తుక్కు కేంద్రమైతే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తుంది. దాన్ని చూపితే కొత్త బండి పన్నులో రాష్ట్రాలు సొంత బళ్లకు 25 శాతం, రవాణా బళ్లకు 15 శాతం దాకా తగ్గించవచ్చు.

4. విప్పడానికీ ఓ పద్ధతి ఉంది.
మా రోజుల్లో కాలిన ఆయిలు కాలవలో పోసేవాళ్లం, బ్యాటరీ యాసిడ్ నేలమీద ఒంపేవాళ్లం. షెడ్డు వెనక ఆ జాగాలో గడ్డి కూడా మొలిచేది కాదు. ఆ పాపంలో నాకూ పాలుంది. ముందు ఆయిలు, ఏసీ గ్యాసు తీసి, బ్యాటరీ విడదీసి, ఆ తర్వాతే కోతకు పంపాలి.

5. చెప్పేవాళ్లే ముందు చేయాలి.
పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బళ్ల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దు చేశారు. మంచి పని. ఇక పరీక్ష నిజాయితీగా, తుక్కు ధర న్యాయంగా ఉండేలా చూస్తే, ఆ పాలాయన తన మోపెడ్‌ను తానే తోలుకొస్తాడు.