కోసిన మొదటి గంట

నూజివీడు వైపు పల్లెకు నేను కోడలిగా వచ్చి యాభై ఏళ్లు దాటింది. మూడెకరాల మామిడి, అరెకరం మల్లె, ఇంటి వెనక దొడ్లో కూరగాయలు. పండించడం ఎలాగో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. కోశాక ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. ఈ ఏడు తోట పని మా కోడలు చేతికి తీసుకుంది. "అత్తయ్యా, మీకు తెలిసినవన్నీ ఒకచోట రాసివ్వండి, మాటలైతే మర్చిపోతాను" అంది. కూర్చుని రాశాను. ఇంకెవరికైనా అక్కరకొస్తాయని ఇక్కడ కూడా ఇస్తున్నాను.

1. కోసిన కాయ బతికే ఉంటుంది. చెట్టున ఉన్నప్పటిలాగే గాలి పీలుస్తుంది, వేడి వదులుతుంది, లోపలి నీళ్లు ఆవిరిగా పోగొట్టుకుంటుంది. కాకపోతే చెట్టు నుంచి ఇక నీళ్లు రావు, తిండి రాదు. దాచుకున్న మూట విప్పుకుని తింటూ బతకాలి. చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ మూట కరిగే వేగం రెండింతలవుతుంది, కొన్నిట్లో మూడింతలు కూడా. కింద రాసినవన్నీ ఈ ఒక్క సంగతి పట్టుకుని వచ్చినవే.

2. ఎండెక్కక ముందే కోయాలి. ఇది నేను నేర్చుకున్న తీరు చెబుతాను. 1999లో రైతుబజార్లు కొత్తగా పెట్టిన రోజులు. మన సరుకు మనమే అమ్ముకోవచ్చని మా ఇంట్లో పండగలా ఉంది. పిల్లల్ని బడికి పంపి, వంట ముగించి, పది గంటలకు దొడ్లోకి దిగి గోంగూర కోశాను. కట్టలు కట్టి ఆటోలో పేర్చి, ఎండ తగలకూడదని పైన ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టాం. మంచిపని చేశాననే అనుకున్నాను. బెజవాడలో పట్టా విప్పితే అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి మొహానికి కొట్టింది. లోపలి కట్టలు నల్లబడి అతుక్కుపోయాయి. బేరానికొచ్చిన ఒక పెద్దావిడ కట్ట చేత్తో పట్టుకుని, "ఉడకబెట్టి తెచ్చావేంటమ్మా" అని మెల్లగా కింద పెట్టేసింది. ఆవిడ తప్పేం లేదు. నిజంగానే ఉడికింది. పొలం నుంచి మోసుకొచ్చిన వేడి, ఆకు తనంతట తాను పుట్టించే వేడి, రెండూ పట్టా కింద పోగుపడ్డాయి.

మా అత్తగారు ఆ సాయంత్రం ఏమీ తిట్టలేదు. మర్నాడు కోడి కూయగానే లేపింది. మంచు తడి ఆరీ ఆరకముందే కోయించి, వేళ్ల మట్టి దులిపించి, కట్టలు వేప చెట్టు కింద నిలబెట్టించి, తడిపి పిండిన గోనెపట్టా పైన వదులుగా కప్పింది. ఆకుకూరలో నూటికి ఐదు పది పాళ్ల నీళ్లు పోతే చాలు, వడిలిపోయి ధర పోతుంది. మొదటి గంటలో పోయిన ఆ నీళ్లను తర్వాత ఎన్ని చిలకరించినా పూర్తిగా తిరిగి తేలేం.

3. నీడకు డబ్బులు అడగరు. కోసిన గంప కోసినచోటే ఎండలో వదిలి ఇంకో గంప నింపడం మొదలుపెట్టకూడదు. ఒకరు కోస్తుంటే ఒకరు నీడకు చేర్చాలి. కూలీ దండగ అంటారు కొందరు. కాదని నేను గట్టిగా చెబుతాను.

4. మల్లెకు చీకటితో కోత. మా పక్కన మైలవరం వైపు మల్లె తోటల్లో తెల్లవారకముందే తలకు లైట్లు కట్టుకుని కోస్తారు. బాగా ఉబ్బి, తెల్లబడి, ఇంకా విచ్చని మొగ్గే కోయాలి. రేపటి మొగ్గను ఇవాళ తెంపితే అది సరిగ్గా విచ్చదు, వాసనా ఇవ్వదు. వెదురు బుట్టలో అరటాకు పరిచి, దాని మీద తడిపి గట్టిగా పిండిన పాత నూలుగుడ్డ వేసి, మొగ్గల్ని కుదించకుండా పోయాలి. పిండిన అనే మాట మర్చిపోవద్దు. మొగ్గ మీద నీటి చుక్క నిలిస్తే ఆ చోటే గోధుమరంగు మచ్చ వస్తుంది. పూలను కడగడం, పైన నీళ్లు చల్లడం రెండూ వద్దు. చల్లదనం చుట్టూ ఉన్న గుడ్డ నుంచి, ఆకు నుంచి రావాలి. దారం బదులు తడిపిన అరటినారతో కడితే మాల సాయంత్రం దాకా నిలుస్తుంది, పారేస్తే మట్టిలో కలుస్తుంది కూడా.

5. మామిడిని ముచ్చికతో దించాలి. కర్రతో కొట్టి రాల్చిన కాయ పైకి బాగానే కనిపిస్తుంది. నాలుగో రోజు దెబ్బ తగిలినచోట మెత్తబడి నల్లబడుతుంది. చిక్కంతో దించి, తొడిమ కొంచెం ఉంచి, నీడలో చేరాక అర అంగుళం లోపల కత్తిరించి, కాయను ముచ్చిక కిందికి ఉండేలా వాలుగా పెట్టాలి. సొన చుక్కలు చుక్కలుగా కారి నేల మీద పడుతుంది. ఆ సొన తోలు మీదికి జారితే మంట పెట్టినట్టు కమిలి, పండాక నల్లటి చారై మిగులుతుంది. మన బంగినపల్లి తోలు పల్చన, నునుపు. 2017లో ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత పేరున్న కాయను సొన చారలతో అమ్మడం నా మనసుకు ఒప్పదు.

నల్లమచ్చ తెగులుకు మందు అక్కర్లేదు. 52 డిగ్రీల వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, తీసి నీడన ఆరబెడితే చాలావరకు తగ్గుతుంది. ఇక్కడ మాత్రం చేతి అంచనా పనికిరాదు. థర్మామీటరు కొనుక్కోవాలి. నీళ్లు ఇంకా కాగితే తోలే ఉడుకుతుంది.

6. కార్బైడ్ ఇంట్లోకి రానివ్వకండి. ఆ పొడి తడి తగిలి వదిలే గాలి కాయ రంగు మారుస్తుంది, లోపల పులుపు అలాగే ఉంటుంది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయి గనకే దాంతో పండ్లు మాగబెట్టడాన్ని చట్టం నిషేధించింది. ఒక వ్యాపారి ఒక ఏడు మా కాయ కొని మా పాకలోనే పొట్లాలు పెడతానన్నాడు. మా ఆయన బేరం వదులుకున్నారు. ఆ ఏడు నష్టమే వచ్చింది. అయినా ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది. పెద్ద గోదాముల్లో కొలత ప్రకారం ఇథిలీన్ వాయువు వాడొచ్చని 2016లో అనుమతించారు. అది పండు తనంతట తాను వదిలే గాలే. ఇంట్లో మాగబెట్టడానికి అదీ అక్కర్లేదు. నేల మీద వరిగడ్డి పరిచి, ముదిరిన కాయల్ని ఒకదానికొకటి ఒరుసుకోకుండా పేర్చి, మధ్యలో ఒకటి రెండు పండిన పండ్లు పెట్టి, పైన పల్చగా గడ్డి కప్పితే వారం లోపల గదంతా వాసన. ముదరని కాయకు మాత్రం ఏ గడ్డీ తీపి తేలేదు.

7. పండిన పండు పక్కన పచ్చివాటిని పెట్టకండి. పైన చెప్పిన గాలే దీనికి కారణం. మాగిన అరటి గెల పక్కన కాకరకాయలు పెడితే పసుపెక్కి పగులుతాయి. దోసకాయ, ఆకుకూర పచ్చదనం పోగొట్టుకుంటాయి. చాలా పూలకూ అది పడదు. మా ఇంట్లో మామిడి గది వేరు, పూలబుట్ట పెట్టే వసారా వేరు. బంగాళాదుంపనూ ఉల్లినీ ఒకే బుట్టలో వేయడం కూడా మానుకోవాలి.

8. ఉల్లికి తడి అంటే శత్రువు. మా ఆడపడుచుది కర్నూలు వైపు. వాళ్లు గడ్డ పీకగానే సంచిలో కట్టరు. మూడు నాలుగు రోజులు ఆకుతోనే ఆరనిచ్చి, మెడ సన్నబడ్డాక అంగుళం ఉంచి కోసి, నీడలో ఇంకొన్నాళ్లు ఆరబెడతారు. నేలకు అడుగు ఎత్తున వెదురు తడికల మీద, నాలుగు వైపులా గాలి ఆడేలా పోస్తారు.

9. ఇటుకల చలువ గది. దీని గురించి కాస్త ఎక్కువే రాయాలి, నేను ఇందులో పొరపాటు పడ్డాను గనక. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో రాయ్, ఖుర్దియా అనే శాస్త్రవేత్తలు 1980ల తొలినాళ్లలో దీన్ని తయారుచేశారు. కరెంటు అక్కర్లేదు. చెట్టు నీడన ఇటుకలు పరిచి, చుట్టూ రెండు వరసల గోడ రెండుంపావు అడుగుల ఎత్తు లేపాలి. గోడకూ గోడకూ మధ్య మూడంగుళాల సందు ఉంచి అందులో ఏటి ఇసుక నింపాలి. పొద్దున, సాయంత్రం ఇసుకనీ ఇటుకల్నీ తడపాలి. వెదురు చట్రానికి గడ్డి, గోనె కట్టి మూత వేయాలి. కూరగాయలు గంపల్లో సర్ది లోపల పెడితే వంద కిలోల దాకా పడతాయి. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది, మన కూజా చేసే పనే. బయట నలభై రెండు డిగ్రీలున్నప్పుడు లోపల పది పదిహేను డిగ్రీలు తక్కువ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాకు వంకాయలు, బెండకాయలు రెండింతల రోజులు నిలిచాయి.

ఆ సంబరంలో శ్రావణంలో కూడా అందులోనే పెట్టాను. నాలుగు రోజులు ముసురు పట్టింది. మూత తీస్తే వంకాయల తొడిమల చుట్టూ దూదిలా తెల్లటి బూజు. అప్పుడు అర్థమైంది. గాలే తడిగా ఉన్నప్పుడు నీరు ఆవిరి కాదు, చలువ పుట్టదు, లోపలి చెమ్మ మాత్రం మిగులుతుంది. ఉత్తర నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు కుండలో కుండ పెట్టి మధ్యన తడి ఇసుక నింపే పద్ధతిని 1990లలో ఊరూరా పంచారు. వంకాయలు మూడు రోజులకు బదులు 27 రోజులు నిలిచాయని ఆయన చెప్పారు. అక్కడిది పొడి గాలి. మా ఆడపడుచు ఇంట కూడా ఇదే గది మా ఇంటికన్నా బాగా పనిచేస్తుంది. కోస్తాలో వానలు మొదలవగానే ఇసుక తడపడం ఆపి, మూత తీసి ఎండబెట్టేయండి. ఆ నెలల్లో కోసిందాన్ని ఆ రోజే పంపేయడం మేలు.

10. ఫ్రిజ్‌లో అన్నీ తోయకండి. అరటి, మామిడి, వంకాయ, బెండ, టమాటా వేడి దేశపు పుట్టుక. పన్నెండు పదమూడు డిగ్రీల కింద అరటి తోలు నల్లబడుతుంది, పచ్చి మామిడి తర్వాత సరిగ్గా పండదు. టమాటా రుచి చచ్చిపోతుంది. వీటికి వసారాలో తడిగోనె కట్టిన గంపే సుఖం.

11. ఎత్తి పడేసిన గంపే సగం నష్టం. లూధియానాలోని కేంద్ర కోతానంతర పరిశోధన సంస్థ 2015లో లెక్క తేల్చింది. కోత నుంచి అమ్మకం దాకా జామ నూటికి దాదాపు 16 పాళ్లు, టమాటా 12 పాళ్ల పైన పోతున్నాయని. నేను టమాటా గంప దించేవాళ్లను చూస్తుంటాను. నడుం ఎత్తు నుంచి వదిలేస్తారు. కింది వరస చితికిన చప్పుడు వినిపిస్తుంది. గంప అడుగున గడ్డి, జానెడు కన్నా ఎక్కువ మందం పోయకపోవడం, చంటిబిడ్డను దించినట్టు దించడం, ఇవి పాటిస్తే చాలు. చితికిన కాయను అక్కడే ఏరెయ్యాలి, అది పక్కవాటినీ చెడగొడుతుంది. ఏరినవాటిని పారేయం. ఆ పూట పచ్చడికో, ముక్కలు కోసి ఎండబెట్టి ఒరుగులకో వాడతాం.

12. బూడిద గుమ్మడి, తీపి గుమ్మడి. ఇవి దేవుడిచ్చిన నిల్వ సరుకు. తొడిమ జానెడు ఉంచి కోయాలి, తొడిమ పట్టుకుని ఎత్తకూడదు, నేలకు తగలకుండా ఉట్టిలో పెట్టాలి. సంక్రాంతికి కోసిన కాయ ఉగాది దాటి నిలుస్తుంది. బూడిద గుమ్మడి మీది బూడిదను శుభ్రం పేరుతో తుడవకండి, లోపలి నీళ్లు పోకుండా కాసేది ఆ పొరే. ఇప్పుడు మా వసారాలో మూడు వేలాడుతున్నాయి. మొన్న సెలవులకొచ్చిన మనవడు స్టూలెక్కి ఒకదాని మీద వేలితో తన పేరు రాశాడు. అక్షరాలు పచ్చగా మెరుస్తున్నాయి. ఆ కాయను ముందు వడియాలకు కొట్టమని కోడలికి చెప్పాను.