పాత ఆట – కొత్త డ్రైవరు

సైన్సు విద్యార్థి వ్యాసం అనగానే నక్షత్రాల గురించో, అణువుల గురించో ఉంటుందని పాఠక మిత్రులు ఆశించడం సహజం. నేను రాయబోయేది ఒక కంప్యూటర్ ఆట గురించి. ఆటల మీద వ్యాసమేమిటని లెక్చరర్లు కోప్పడవద్దని మనవి. నాలుగు సెమిస్టర్ల ప్రాక్టికల్స్‌లో నాకు సరిగా ఎక్కని ఒక పాఠం ఈ ఆట వల్లనే ఎక్కింది.

సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మా చిన్నాన్న అటక మీది ట్రంకు పెట్టెలోంచి ఒక సీడీ తీసి నా చేతిలో పెట్టాడు. 2001లో ఆయన పట్నంలో కంప్యూటర్ డిప్లొమా చదివేవాడు. తాతయ్యకు జబ్బు చేయడంతో చదువు మధ్యలో ఆపి సేద్యానికి వచ్చేశాడు. ఆ సీడీ అప్పట్లో ఏదో పత్రికతో పాటు వచ్చిందట. అందులో ‘క్వేక్ త్రీ అరీనా’ అనే ఆటకు లైనక్స్ మీద నడిచే నమూనా ప్రతి ఉంది.

“హాస్టల్లో తెల్లవార్లూ ఆడేవాళ్ళంరా. నీ ల్యాప్‌టాప్‌లో లైనక్సే కదా, నడుస్తుందేమో చూడు” అన్నాడు.

“అది పాతది చిన్నాన్నా, ఇప్పుడు పనికిరాదు” అన్నాను, సీడీ వైపు చూడకుండానే.

ఆయన అప్పటికి ఏమీ అనలేదు. సాయంత్రం బావి దగ్గర ఆయిలింజను తుడుస్తూ, “ఇది నేను పుట్టకముందుది. విప్పి చూడకుండా పాతదని ఎలా చెబుతావురా?” అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. సీడీ పట్టుకుని కాలేజీకి వచ్చాను.

డ్రైవరు అంటే ఎవరు?

ముందుగా ఒక్క మాట. ఆట నేరుగా గ్రాఫిక్స్ చిప్పుతో మాట్లాడదు. ‘ఇక్కడ ఒక త్రిభుజం గీయి, దాని మీద ఈ బొమ్మ అతికించు’ అని ఓపెన్‌జీఎల్ అనే ఉమ్మడి భాషలో అడుగుతుంది. ఆ కోరికను చిప్పుకు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చే ప్రోగ్రామే గ్రాఫిక్స్ డ్రైవరు. లైనక్స్‌లో ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్పులకు సాధారణంగా ఈ పని చేసేది ‘మెసా’. బ్రయాన్ పాల్ అనే ఆయన 1993లో దీన్ని మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఎందరో చేతులు వేసి పెంచారు. క్వేక్ త్రీ 1999 డిసెంబరులో వచ్చింది. దాన్ని తయారుచేసిన సంస్థ ఐడీ సాఫ్ట్‌వేర్. అంటే ఆనాటి ఆట ఈనాటి డ్రైవరుతో మాట్లాడాలన్నమాట.

మొదటి అడ్డంకి: ఉన్న ఫైలు లేదనడం

నా ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవు లేదు. స్నేహితుడి పాత కంప్యూటర్‌లో కాపీ చేసుకుని తెచ్చుకున్నాను. ఆట ఫైలును నడపబోతే ‘అలాంటి ఫైలు లేదు’ అని వచ్చింది. ఫైలు కళ్ళెదుట కనబడుతూనే ఉంది! ‘ఫైల్’ అనే ఆదేశంతో పరీక్షిస్తే అది 32 బిట్ల ప్రోగ్రాము అని తేలింది. నాది 64 బిట్ల లైనక్స్. నిజానికి లేనిది ఆట కాదు, ఆటను మెమరీలోకి ఎక్కించే 32 బిట్ల లోడరు. సందేశం మాత్రం ఆ సంగతి చెప్పదు.

నేను వాడే డెబియన్‌లో ‘ఐ386’ అనే రకాన్ని అదనంగా చేర్చి, 32 బిట్ల మూల లైబ్రరీలు, 32 బిట్ల మెసా వేసుకుంటే ఈ చిక్కు తీరుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 64 బిట్ల డ్రైవరు చక్కగా ఉన్నంత మాత్రాన 32 బిట్ల ఆటకు అది ఉపయోగపడదు. రెండింటికీ వేర్వేరు ప్రతులు ఉండాలి.

రెండవ అడ్డంకి: కుంచం పొంగడం

ఆట ఇప్పుడు మొదలైంది, వెంటనే కూలిపోయింది. తప్పు డ్రైవరుదే అని తీర్మానించుకున్నాను. డ్రైవరు తీసి మళ్ళీ వేశాను, వేరే ప్రతి ప్రయత్నించాను. ఒక రాత్రి అసలు తెరే రాకుండా చేసుకున్నాను. మర్నాడు రికార్డు సబ్మిషన్. రాసుకున్నదంతా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఆ రాత్రి పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. తెల్లవారుజామున నల్ల తెర మీద ఆదేశాలు కొట్టి మళ్ళీ బాగుచేసుకున్నాను. ఆ తర్వాత గాని, కూలిపోయే ముందు ఆట ఏం చెప్పిందో చదవాలని తోచలేదు.

చదివితే విషయం అక్కడే ఉంది. డ్రైవరు తయారీదారు పేరు, చిప్పు పేరు, ఓపెన్‌జీఎల్ సంచిక వరుసగా వచ్చాయి. తర్వాత రావలసినది ‘ఎక్స్‌టెన్షన్ల’ జాబితా. అది రాకుండానే ఆట పడిపోయింది.

ఎక్స్‌టెన్షన్ అంటే మూల ఓపెన్‌జీఎల్‌కు తర్వాత చేర్చిన అదనపు సౌకర్యం. ‘నీకు ఏమేమి వచ్చు?’ అని ఆట అడిగితే, డ్రైవరు తనకు వచ్చినవాటి పేర్లన్నీ ఖాళీలతో కలిపి ఒకే పొడవాటి వాక్యంగా చెబుతుంది. 1999 నాటికి ఆ జాబితా చిన్నది. తర్వాత ఏటా కొత్తవి చేరుతూ వచ్చి నేడు పేర్లు వందల్లో ఉన్నాయి. ఒక్కో పేరు సగటున 25 అక్షరాలనుకుంటే 200 పేర్లకు 5,000 బైట్లు.

ఈ ఆట సోర్సును ఐడీ సాఫ్ట్‌వేర్ 2005లో అందరికీ విడుదల చేసింది. అందులో చూస్తే, తెర మీద ముద్రించే ఒక సందేశానికి కేటాయించిన స్థలం 4,096 బైట్లు. ఆ రోజులకు అది బోలెడు. కుంచంలో రెండు కుంచాల ధాన్యం పోస్తే మిగిలింది నేలపాలవుతుంది, కళ్ళకు కనబడుతుంది. మెమరీలో పొంగినది పక్క గదిలో పడి, అక్కడ ప్రోగ్రాము దాచుకున్న విలువలను చెరిపేస్తుంది. ఆపైన ప్రోగ్రాము దారి తప్పుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఆపేస్తుంది. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు.

కాబట్టి ఆట చెడిపోలేదు, డ్రైవరూ చెడిపోలేదు. పంట పెరిగింది, కుంచం పెరగలేదు.

మెసావారు చూపిన ఉపాయం

ఆట ఫైలును మనం మార్చలేం. కొత్త సౌకర్యాలను డ్రైవరులోంచి తీసేయనూ లేం. మెసా రచయితలు చేసిన ఏర్పాటు చాలా ముచ్చటైనది. వారు ప్రతి ఎక్స్‌టెన్షన్ పక్కనా అది పుట్టిన సంవత్సరం రాసిపెట్టారు. ‘మెసా ఎక్స్‌టెన్షన్ మ్యాక్స్ ఇయర్’ అనే నాలుగు మాటలను పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్లతో కలిపి, దానికి 2003 అని విలువ ఇచ్చి ఆటను నడిపితే, డ్రైవరు 2003 వరకు పుట్టిన పేర్లే చెబుతుంది. పెద్ద సభలో గడగడా మాట్లాడే మనిషి తాతగారి దగ్గర కూర్చుని ఆయనకు తెలిసిన సంగతులే ముచ్చటించినట్టు! ఈ విలువ ఆ ఒక్క ఆటకే వర్తిస్తుంది. మిగతా ప్రోగ్రాములకు డ్రైవరు పూర్తి జాబితానే ఇస్తుంది.

నేను ఆ ఒక్క విలువే మార్చాను, మరేదీ ముట్టుకోలేదు. ఆట నడిచింది. కారణం నిజంగా ఇదేనా అని సంవత్సరాన్ని ఒక్కొక్కటే పెంచుతూ పోయాను. ఒకచోటికి వచ్చేసరికి మళ్ళీ కూలింది. ఒక అంకె తగ్గించాను, మళ్ళీ నడిచింది. అప్పుడు గాని నమ్మకం కుదరలేదు. ఒకసారికి ఒకే అంశం మార్చాలని మన ప్రాక్టికల్స్‌లో చెప్పేది ఇందుకే.

ఈ పొరపాటు ఒక్క ఆటదే కాదు, ఆ కాలపు ఆటలు ఇంకొన్నింటిలోనూ ఉంది. అసలు పద్ధతినే మార్చుతూ 2008లో వచ్చిన ఓపెన్‌జీఎల్ 3.0, పేర్లను ఒక్కొక్కటిగా అడిగే వీలు కల్పించింది. ఒక్కొక్క గింజే కొలిస్తే ఏ కుంచమూ పొంగదు కదా.

మిగిలిన చిక్కులు

ఆట తెర 640కి 480 చుక్కల చిన్న కొలతలో తెరుచుకుంటుంది. ఆట సెట్టింగుల్లో ‘ఆర్ మోడ్’ అనేదానికి మైనస్ 1 ఇచ్చి, వెడల్పు, ఎత్తు విడిగా చెప్పుకోవచ్చు. ధ్వని మాత్రం నాకు రాలేదు. ఆనాటి ఆటలు ఓఎస్ఎస్ అనే పాత ధ్వని పద్ధతిని వెతుకుతాయి. నేటి లైనక్స్‌లో ఆ తలుపు మామూలుగా ఉండదు. సోర్సు విడుదలయ్యాక వచ్చిన ‘ఐఓక్వేక్ త్రీ’ని వాడితే ఈ బాధలు చాలావరకు ఉండవు. కానీ చిన్నాన్న అడిగింది ఆ సీడీలోని ఆటనే.

ముగింపు

ఉగాదికి ఇంటికి వెళ్ళి ఆయన ముందు ల్యాప్‌టాప్ పెట్టాను. పది నిమిషాలు ఆడాడు. వేళ్ళు మొదట తడబడినా తర్వాత వాటికవే దారి పట్టాయి. “శబ్దం లేదేంరా?” అన్నాడు. కారణం చెప్పాను. “పోనీలే, అదీ చూద్దువుగాని” అని లేచి నీళ్ళు కట్టడానికి వెళ్ళిపోయాడు. ఆయన చదువు ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. ఆ పది నిమిషాలు నేను పక్కన కూర్చుని ఏమీ మాట్లాడలేకపోయాను.

మిత్రులారా! రేపు మనలో ఎందరో ప్రోగ్రాములు రాస్తారు. ‘ఇంతకంటే ఎక్కువ రాదులే’ అని కుంచం కొలత రాసేటప్పుడు, పాతికేళ్ళ తర్వాత అందులో పోయబోయేవాణ్ణి ఒక్కసారి తలుచుకోండి. పోసే ముందు కొలిచి చూసుకునే ఒక్క వరుస రాసి ఉంటే ఈ వ్యాసమే అవసరమయ్యేది కాదు. అలాగే ఏదైనా పనిచేయకపోతే పాతదని పారేయకండి. ముందు విప్పి చూడండి. అది చివరగా ఏం చెప్పిందో చదవండి. ఈ సంగతి నాకు చెప్పింది పుస్తకం కాదు, ఆయిలింజను తుడుస్తున్న మా చిన్నాన్న.