పొడి పేరు చెప్పే ముందు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఫోరెన్సిక్ ల్యాబ్‌లో మత్తుపదార్థాల విభాగానికి వచ్చేవాళ్ల కళ్లన్నీ మొదట జీసీ-ఎంఎస్ మీదే ఉంటాయి. యంత్రం నడపడం ఎవరైనా నేర్పుతారు. కోర్టులో నిలబడే రిపోర్టు రాయడం మాత్రం మీరే అలవాటు చేసుకోవాలి. మెథాంఫెటమిన్, ఎండీఎంఏ, మెఫెడ్రోన్ వంటి ఉత్తేజకాల కేసుల్లో ఈ అలవాటు మరీ అవసరం.

ప్యాకెట్టు విప్పకముందు

ఎన్‌డీపీఎస్ చట్టం 52ఏ సెక్షన్ కింద శాంపిల్ తీయాల్సింది మేజిస్ట్రేటు సమక్షంలో. 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. 2022 డిసెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి పొడుల శాంపిల్ 5 గ్రాములు, అదీ రెండేసి చొప్పున. కాబట్టి ప్యాకెట్టు చేతికి రాగానే చూడాల్సినవి ఇవి: సీలు చెక్కుచెదరకుండా ఉందా? దాని మీది ముద్ర, మెమోతో పంపిన ముద్రతో కలుస్తోందా? క్రైమ్ నంబరు, శాంపిల్ గుర్తు రెండు చోట్లా ఒకటేనా? తేడా కనిపిస్తే అప్పటికప్పుడు రాసిపెట్టి, పైఅధికారికి చెప్పండి. ఫోన్ చేసి సర్దుబాటు చేసుకోవద్దు.

మెమోలో 5 గ్రాములని ఉండి, మీ తక్కెడ 4.62 చూపిస్తే 4.62 అనే రాయండి. తేడా ఎందుకొచ్చిందో చెప్పుకోవాల్సింది దర్యాప్తు అధికారి. పరీక్షకు ఎంత వాడారు, ఎంత మిగిలింది అన్నది కూడా అదే పేజీలో ఉండాలి.

రంగు మారితే అది అనుమానమే

మార్కిస్ రియేజెంట్‌తో మెథాంఫెటమిన్ నారింజ రంగులోంచి గోధుమ రంగుకు పోతుంది. ఎండీఎంఏ ఊదా నుంచి నలుపుకు తిరుగుతుంది. కొకైన్‌కు వాడే కోబాల్ట్ థయోసయనేట్ పరీక్షలో నీలం కనిపిస్తుంది. ఇవన్నీ ఏ దారిలో వెతకాలో చూపిస్తాయి, అంతే. వేరే పదార్థాలూ ఇలాంటి రంగులే ఇవ్వగలవు. రంగు చూసి పేరు రాసేస్తే, డిఫెన్స్ లాయరు మొదటి ప్రశ్నకే రిపోర్టు కూలిపోతుంది.

మాస్ స్పెక్ట్రం ఒక్కటే చూసి ధీమా పడటమూ ప్రమాదమే. మెథాంఫెటమిన్, ఆకలి తగ్గించే మందు ఫెంటర్‌మిన్ ఒకే ఫార్ములా ఉన్న వేర్వేరు అణువులు, అంటే ఐసోమర్లు. రెండింటి అణుభారం 149. స్పెక్ట్రంలో రెండింటికీ 58 దగ్గరే అతి పెద్ద శిఖరం. మెఫెడ్రోన్‌లో మిథైల్ గ్రూపు రింగు మీద నాలుగో స్థానంలో ఉంటుంది. అది మూడో స్థానానికి జరిగితే వేరే పదార్థం అవుతుంది, కానీ స్పెక్ట్రం దాదాపు అలాగే వస్తుంది. లైబ్రరీ మ్యాచ్ 95 శాతం అని స్క్రీన్ చెప్పినంత మాత్రాన పని పూర్తికాదు. అదే రోజు, అదే పద్ధతిలో నడిపిన రిఫరెన్స్ స్టాండర్డ్‌తో రిటెన్షన్ టైమ్ కలవాలి. ఐసోమర్ అనుమానం ఉంటే ఎఫ్‌టీఐఆర్ కూడా తీయాలి. మత్తుపదార్థాల పరీక్షలపై పనిచేసే ఎస్‌డబ్ల్యూజీడ్రగ్ (SWGDRUG) అనే అంతర్జాతీయ బృందం సిఫార్సు కూడా ఇదే దారిలో ఉంటుంది: మాస్ స్పెక్ట్రం, ఇన్‌ఫ్రారెడ్ లాంటి బలమైన పద్ధతి ఒకటి, దానికి తోడు స్వతంత్రంగా మరొకటి.

ప్రతి శాంపిల్‌కు ముందు బ్లాంక్ నడపండి. గాఢమైన శాంపిల్ తరువాత పల్చనిది పెడితే ముందుదాని జాడ కాలమ్‌లో మిగిలి ఉండొచ్చు. ఆ బ్లాంక్ చార్టు ఫైల్లో లేకపోతే, జాడ లేదని మీరు తరువాత నిరూపించలేరు.

శాతం కంటే పేరు ముఖ్యం

కొత్తవాళ్లకు ప్యూరిటీ శాతం మీద మోజు ఎక్కువ. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసు తీర్పుతో, కల్తీ పదార్థంతో కలిపి మొత్తం బరువునే లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే శిక్ష ఎంతన్నది పదార్థం పేరు, మొత్తం బరువు మీద నడుస్తుంది. మెథాంఫెటమిన్‌కు చిన్న పరిమాణం 2 గ్రాములు, వాణిజ్య పరిమాణం 50 గ్రాములు. ఎండీఎంఏకు అవే 0.5 గ్రాము, 10 గ్రాములు. వాణిజ్య పరిమాణం దాటితే శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, బెయిలు దొరకడమూ కష్టం. ఒక పేరు బదులు మరో పేరు రాస్తే, అదే 20 గ్రాములు ఒక మనిషిని ఇటు నుంచి అటు దాటించేస్తాయి. ఐసోమర్ విషయంలో అంత పట్టుదల ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది.

2022 నిబంధనల్లో రిపోర్టుకు గడువు శాంపిల్ అందిన 15 రోజులు. పరిమాణాత్మక పరీక్షకు ఎక్కువ సమయం పడితే, ముందు పదార్థం ఏమిటో తేల్చి పంపి, శాతం వివరాలు తరువాతి 15 రోజుల్లో ఇవ్వొచ్చు. ఫైళ్లు గుట్టపడినప్పుడు ఈ వెసులుబాటు వాడుకోండి, బ్లాంకులు ఎగ్గొట్టి తొందరపడకండి.

బోనెక్కినప్పుడు

ప్రభుత్వ నిపుణుల రిపోర్టును భారతీయ నాగరిక సురక్షా సంహిత 329వ సెక్షన్ కింద సాక్ష్యంగా తీసుకుంటారు. అయినా కోర్టు మిమ్మల్ని పిలిపించవచ్చు. పిలుపు వచ్చేసరికి మీకు గుర్తుండేది తక్కువ, మీ వర్క్‌షీట్‌లో ఉన్నదే మీ జ్ఞాపకం. అడిగినదానికే జవాబివ్వండి. చేయని పరీక్ష గురించి అడిగితే "చేయలేదండీ" అనండి. ఆ పొడి ఎవరిది, ఎక్కడిది అన్న ప్రశ్న మీది కాదు.

సంతకం పెట్టే ముందు ఒక పని చేయండి. ఆ కేసు తెలియని తోటి అనలిస్టుకు ఫైలు ఇచ్చి, మీరు పక్కన లేకుండా చదవమనండి. మిమ్మల్ని ఒక్క మాటా అడగకుండా అతను అదే పదార్థం పేరు చెప్పగలిగితే సంతకం పెట్టండి. ఏదైనా అడిగితే, కోర్టులో లాయరు అడగబోయే ప్రశ్న అదే. దానికి జవాబు ఫైల్లో చేరాకే రిపోర్టు బయటికి వెళ్లాలి.